కృష్ణబిలమా, న్యూట్రాన్ తారా? ఎక్స్-కిరణ డేటాతో తేల్చుకోవడం ఎలా?

కృష్ణబిలమైనా, న్యూట్రాన్ తారైనా (పేలిపోయిన పెద్ద తార మిగిల్చిన చిన్న, అతి సాంద్రమైన గోళం) పక్కనున్న జంటతార నుంచి పదార్థాన్ని లాక్కునేటప్పుడు ఎక్స్-కిరణాలు వెలువడతాయి. ఆ కిరణాలను భూవాతావరణం అడ్డుకుంటుంది. అందుకే మన హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరి టీఐఎఫ్‌ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం నుంచి పరికరాలను 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతూ వచ్చారు. వికారాబాద్ వైపు పొలాల్లో దిగినప్పుడు జనం గుమిగూడి చూసేది అలాంటి బెలూన్ల పెట్టెలనే. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఖగోళ పరిశీలన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ డేటా ఇప్పుడు ఇస్రో భాండాగారంలో ఉచితంగా దొరుకుతుంది కనుక హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చునే ఈ పని చేయవచ్చు.

ముందుగా సెంటారస్ ఎక్స్-3 అనే న్యూట్రాన్ తారను ఎంచుకోండి. కొత్తవారు నేరుగా కృష్ణబిలం మీదికే వెళ్తారు గానీ, న్యూట్రాన్ తార ఎలా కనిపిస్తుందో తెలియకుండా కృష్ణబిలాన్ని గుర్తుపట్టడం కష్టం. తరువాత లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో ఎక్స్-కిరణ డేటాను విశ్లేషించడానికి నాసా ఉచితంగా ఇచ్చే హీసాఫ్ట్‌నూ, ఆస్ట్రోశాట్‌లోని ఎక్స్-కిరణ పరికరం లాక్స్‌పీసీకి సంబంధించిన సాఫ్ట్‌వేర్‌నూ పెట్టుకోండి.

డేటా దించుకున్నాక పనికొచ్చే సమయాలను మాత్రమే ఉంచుకోవాలి. ఉపగ్రహం సుమారు 98 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టివస్తుంది. ఆ క్రమంలో భూమి అడ్డుపడి మూలం కనబడని భాగాలను తీసేయాలి.

అసలు పని లైట్ కర్వ్ (కాలంతో పాటు వెలుగు ఎలా మారుతుందో చూపే గీత) దగ్గర మొదలవుతుంది. ఫోటాన్లను 100 సెకన్ల గుత్తులుగా లెక్కిస్తే విశేషమేమీ కనబడదు. అదే డేటాను 0.1 సెకను గుత్తులుగా విడదీస్తే, సుమారు 4.8 సెకన్లకు ఒకసారి లేచి పడే స్పందన బయటపడుతుంది. కాలాన్ని కచ్చితంగా కొలవాలంటే భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల కిరణాల రాకలో వచ్చే, 500 సెకన్ల దాకా ఉండగల తేడాను సరిదిద్దాలి. ఆ న్యూట్రాన్ తార కూడా తన జంటతార చుట్టూ 2.1 రోజులకు ఒకసారి తిరుగుతుంది కాబట్టి ఆ కక్ష్య ప్రభావాన్నీ తీసివేయాలి. ఒకసారి నాకు ఫోటాన్ల లెక్క మరీ తక్కువ వస్తే ఫైలు పాడైందనుకుని ఒక సాయంత్రమంతా మళ్లీ మళ్లీ దించుకున్నాను. తీరా చూస్తే అప్పుడు జంటతార అడ్డొచ్చి గ్రహణం నడుస్తోంది.

క్రమమైన స్పందన ఉందంటే అయస్కాంత క్షేత్రంతో తిరిగే గట్టి ఉపరితలం ఉన్నట్టు; కృష్ణబిలానికి అది ఉండదు. శ్వేత కుబ్జ తారలకూ (సూర్యుడిలాంటి తారలు చివరికి మిగిల్చే చిన్న గోళాలు) స్పందన ఉండవచ్చు గానీ, సాధారణంగా అది నిమిషాల లెక్కలో ఉంటుంది. అయితే స్పందన లేదని కృష్ణబిలమని తీర్పు చెప్పకూడదు: 1962లో కనుగొన్న స్కార్పియస్ ఎక్స్-1 న్యూట్రాన్ తారే అయినా దానిలో స్పందన దొరకలేదు.

ఇప్పుడు సిగ్నస్ ఎక్స్-1ను ఇదే పద్ధతిలో చూడండి. వెలుగు మిల్లీసెకన్లలో మినుకుమంటుంది గానీ తాళం ఉండదు. దీనిని కృష్ణబిలమని నిలబెట్టేది ద్రవ్యరాశి: 5.6 రోజుల కక్ష్యలో కదిలే జంటతారను మామూలు టెలిస్కోపులతో కొలిచి, కనబడని వస్తువుకు సుమారు 21 సూర్యుల ద్రవ్యరాశి ఉందని తేల్చారు. న్యూట్రాన్ తార మూడు సూర్యులను మించలేదని అంచనా.

చివరగా హీసాఫ్ట్‌లోనే ఉన్న ఎక్స్‌స్పెక్‌లో వర్ణపటాన్ని (ఏ శక్తి దగ్గర ఎన్ని కిరణాలు వచ్చాయో చూపే గీతను) నమూనాతో సరిపోల్చండి. చుట్టూ తిరుగుతూ లోపలికి పడే పదార్థపు వేడి డిస్క్ వెలుగు ఎక్కువైతే మృదు స్థితి, అధికశక్తి కిరణాలు ఎక్కువైతే కఠిన స్థితి. రెండు మూడు నమూనాలు ఒకేలా సరిపోవడం మామూలే కనుక, గీత చక్కగా కూర్చున్నంత మాత్రాన దానిని నమ్మకుండా, లైట్ కర్వ్ చెప్పినదానితో పొసుగుతుందో లేదో చూసుకోండి.