ఇన్‌హేలర్‌లో మందు ఉందా, ఉత్త గ్యాసేనా?

ఆస్తమా ఉన్నవాళ్లు చాలామంది ఇన్‌హేలర్‌ని ఊపి చూసి "ఇంకా ఉందిలే" అనుకుంటారు. నొక్కితే తుస్సుమని వస్తుంది కూడా. కానీ అందులో మందుతో పాటు దాన్ని బయటికి తోసే గ్యాస్ ఉంటుంది. మందు అయిపోయాక కూడా అది వస్తూనే ఉంటుంది. డబ్బాను నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూడటం ఇంకా దండగ, పైగా మందు వచ్చే రంధ్రం పాడవుతుంది.

ఇంకా ఎన్ని పఫ్‌లు (నొక్కులు) మిగిలాయో అంకెల్లో చూపించే కౌంటర్ డబ్బాకి ఉంటే గొడవే లేదు. లేకపోతే లెక్క వేసుకోండి: 120 పఫ్‌ల డబ్బా, ఉదయం రెండు, రాత్రి రెండు పీలిస్తే 30 రోజులు. కొత్తది మొదలుపెట్టిన రోజే, అయిపోయే తేదీని మార్కర్‌తో ప్లాస్టిక్ తొడుగు మీద రాసేయండి. ఆయాసం వచ్చినప్పుడే వాడే రిలీవర్‌కి ఈ లెక్క కుదరదు; అది మాత్రం కౌంటర్ ఉన్నదే అడిగి కొనండి.