భోజనం తర్వాత నిద్రమత్తు నాకు ఇలా తగ్గింది

మధ్యాహ్నం అన్నం తినగానే ఆఫీసులో కళ్ళు మూతలు పడేవి. నాలుగింటికల్లా మళ్ళీ ఆకలి.

ముందు తినే వరస మార్చాను. కూర, పప్పు, గుడ్డు అయ్యాకే అన్నం, అదీ కాస్త తక్కువ. పీచు, ప్రోటీన్ ముందు పడితే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, రక్తంలో గ్లూకోజ్ (చక్కెర) ఒక్కసారిగా పెరగదు.

నాకు ఎక్కువ పనిచేసింది మాత్రం తిన్నాక కాసేపు నడవడం. కదులుతున్న కండరాలు ఇన్సులిన్ (గ్లూకోజ్‌ని కణాల్లోకి పంపే హార్మోన్) సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటాయి. మిగిలినదాంట్లో కొంత కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే రూపంలో నిల్వ ఉంటుంది. భోజనాల మధ్య రక్తంలో చక్కెర పడిపోకుండా చూసేది కాలేయంలోని ఆ నిల్వే.

ఇప్పుడు మత్తు చాలావరకు పోయింది. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళు దయచేసి డాక్టర్‌ని అడిగాకే అన్నం తగ్గించండి. షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది.