కామోమైల్‌ను బృందంగా పెంచుకునే పద్ధతి

దుకాణాల్లో 'చామంతి టీ' పేరుతో దొరికే పొట్లాలలో చాలావాటిలో ఉండేది మనం పూజకు వాడే చామంతి కాదు, అదే కుటుంబానికి చెందిన కామోమైల్ అనే వేరొక మొక్క పువ్వు. హైదరాబాదులోని మా కాలనీ మూలికల బృందం ఏటా ఈ తేడాను వివరించిన తరువాతనే విత్తనం పంచుతుంది.

కామోమైల్‌లో జర్మన్, రోమన్ అని రెండు రకాలు ఉన్నాయి. రోమన్ రకం చల్లని ప్రాంతాల్లో ఏళ్ల తరబడి నేలబారుగా పెరుగుతుంది. మన మిద్దె తోటలకు ఒక్క శీతాకాలంలోనే పూసి ముగిసే జర్మన్ రకమే తగినది. పువ్వును బ్లేడుతో నిలువునా కోసి చూస్తే, జర్మన్ రకంలో పసుపు గుబ్బ లోపల బోలుగా ఉంటుంది, రోమన్ రకంలో గట్టిగా నిండి ఉంటుంది. విత్తనాల కోసం వెతికేవారు ఔషధ, సుగంధ మొక్కలపై పరిశోధన చేసే లక్నోలోని సీమ్యాప్ సంస్థకు హైదరాబాదు శివారు బోడుప్పల్‌లో ఉన్న పరిశోధనా కేంద్రాన్ని ముందుగా సంప్రదించడం మంచిది.

ఈ పంటను ఒక్కరు పెంచడం కంటే పదిమంది కలిసి పెంచడం మేలని నా అభిప్రాయం. విత్తనం ధూళిలా సన్నగా ఉంటుంది కనుక ఒక చిన్న పొట్లమే అందరికీ సరిపోతుంది, పైగా నారును ఒకే మిద్దె మీద పెంచితే కాపలా సులభం. దీపావళి దాటి రాత్రులు చల్లబడ్డాక, విత్తనాన్ని పొడి ఇసుకతో కలిపి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీకంపోస్టు నింపిన ట్రేలో పలుచగా చల్లాలి. మొలకెత్తడానికి వెలుతురు అవసరం కాబట్టి పైన మట్టి కప్పకుండా, అరచేతితో మెల్లగా అదిమి, స్ప్రేయర్‌తో మాత్రమే తడపాలి. ఒకటి రెండు వారాల్లో మొలకలు వస్తాయి.

నారు రెండంగుళాలు ఎదిగిన తరువాత సభ్యులందరూ ఒక ఆదివారం సాయంత్రం కలుసుకుని, వేళ్ల చుట్టూ ఉన్న మట్టితో సహా మొక్కలను పంచుకోవాలి. మొక్కకూ మొక్కకూ జానెడు దూరం, రోజంతా ఎండ, అడుగున నీరు నిలవని కుండీ ఉంటే చాలు. ఈ మొక్క చౌడును కూడా కొంత ఓర్చుకుంటుంది కానీ, ఎరువు ఎక్కువైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. పేనుబంక కనిపిస్తే నీటిని గట్టిగా చిమ్మి కడిగివేయాలి. తాగే పువ్వు కనుక పూత మొదలైన తరువాత ఏ మందూ చల్లకూడదు.

కోత సమయాన్ని మాటల్లో చెప్పడం కంటే పువ్వును చూపించి నేర్పడం తేలిక. తెల్ల రేకులు అడ్డంగా, చదునుగా విచ్చుకున్న రోజే కోయాలి. రేకులు కిందికి వాలి, పసుపు గుబ్బ పైకి పొడుచుకొస్తే ఆ పువ్వును విత్తనానికి వదిలేయాలి. మంచు ఆరిన తరువాత వేళ్లను దువ్వెనలా కాడల మధ్యకు పోనిచ్చి పైకి లాగితే పువ్వులు మాత్రమే చేతిలోకి వస్తాయి, ఆపిల్‌ను పోలిన వాసన చేతికి అంటుకుంటుంది. రెండు మూడు రోజులకొకసారి కోస్తుంటే పూత కొనసాగుతుంది.

పచ్చి పువ్వు ఎండితే సుమారు ఐదో వంతు మాత్రమే మిగులుతుంది. అందుకే అందరి పువ్వులనూ ఒకచోట చేర్చి, గాలి ఆడే నీడలో తెల్లని బట్ట మీద ఒకే వరుసగా పరచాలి. ఒక ఏడాది రేకులు ఎండగానే సీసాల్లో నింపేశాము. గుబ్బలో మిగిలిన తేమకు బూజు పట్టి మొత్తం పారవేయవలసి వచ్చింది. గుబ్బను నలిపితే పొడి అయ్యేవరకు ఆగాలి.

టీ కోసం కప్పు వేడినీటిలో ఒక చెంచా పువ్వులు వేసి, సుగంధ తైలం ఆవిరితో పోకుండా మూత పెట్టి, ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి వడకట్టాలి. చామంతి, వయ్యారిభామ సరిపడనివారికి ఇదీ సరిపడకపోవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా తాగరాదు. పంపకం రోజున ఈ హెచ్చరికను ప్రతి సీసా మీదా తెలుగులో రాసి అతికించాలి.

విత్తనానికి వదిలిన పువ్వులు గోధుమ రంగుకు తిరగగానే కాగితపు సంచిలో దులిపి, సంవత్సరం రాసి, వచ్చే దీపావళి వరకు పొడిగా, చల్లగా ఉండే చోట దాచాలి.