బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో అందరితో కలిసి ఉండాలంటే
మారతహళ్లి వైపు ఉండే మన తెలుగువాళ్లు ముందు కన్నడ నేర్చుకోండి, కనీసం వాచ్‌మన్‌తో, కూరగాయలమ్మే ఆవిడతో మాట్లాడేంత. లిపి మనదానికి బాగా దగ్గర కాబట్టి బోర్డులు చదవడం తొందరగానే వస్తుంది.

ఉగాది ఇద్దరికీ ఒకే రోజు, కలిపి చేయండి. నవంబర్ 1న రాజ్యోత్సవానికి, అంటే కర్ణాటక అవతరణ దినోత్సవానికి, తప్పకుండా కిందకి దిగండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది, అది వినాయకుడి మండపానికైనా, మసీదుకైనా, చర్చికైనా ఒకేలా అడగండి.

గొడవొస్తే వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. మా బ్లాకులో ఒకరింట్లో మాంసం వాసన అని మెసేజ్ పెడితే రాత్రికల్లా రెండు వర్గాలయ్యాయి, తీరా ఇద్దరినీ టీకి కూర్చోబెడితే అసలు సమస్య కారిడార్‌లో చెత్తబుట్ట. బుట్ట జరిపారు, అయిపోయింది. ఎవరింట్లో ఏం వండుకోవాలన్నది మాత్రం మీటింగులో ఓటింగుకి రానివ్వకండి.