స్వరకర్త తన పియానో రచనను తానే వాయిస్తున్నప్పుడు ఎలా వినాలి, ఏం చెప్పాలి

హైదరాబాదు శ్రోతకు స్పందించడం ఒకరు నేర్పనక్కరలేదు. కచేరీలో తొడ మీద తాళం వేస్తాం, మంచి సంగతి పడగానే ‘భేష్’ అంటాం, ముషాయిరాలో ‘వాహ్ వా’ అంటాం. పియానో సభలో మాత్రం ఆ మెచ్చుకోలును రచన ముగిసేదాకా అట్టే పెట్టుకోవాలి. ఇది ఒట్టి మర్యాద కోసం కాదు. వేళ్లు మీటల మీద నుంచి లేచినా కుడి పెడల్ తొక్కి ఉన్నంతసేపు తీగలు మోగుతూనే ఉంటాయి, ఆ మోత సన్నగిల్లే తీరు కూడా రచనలో భాగమే. అందువల్ల పాదం పెడల్‌ను వదిలి, చేతులు ఒడిలోకి వచ్చాకే చప్పట్లు కొట్టండి.

వీలైతే హాలులో ఎడమవైపు కూర్చోండి, మీటలూ చేతులూ అటునుంచే కనిపిస్తాయి. దగ్గు వచ్చే సూచన ఉంటే బుగ్గన ఒక లవంగం పెట్టుకోండి. వేదిక మీది మనిషి మన దగ్గును కూడా వింటూ ఉంటాడు. రష్యన్ స్వరకర్త, పియానో వాద్యకారుడు రాఖ్‌మానినోవ్ 1931లో రాసిన కొరెల్లి వేరియేషన్లు, అంటే ఒకే బాణీని రకరకాలుగా మార్చి అల్లిన ముక్కలు, మొత్తం 20. సభలో దగ్గులు ఎక్కువైతే తరువాతి వేరియేషన్‌ను వదిలేస్తున్నానని, అన్నిటినీ వరుసగా ఒక్కసారి కూడా వాయించలేదని ఆయన అదే ఏడాది మిత్రుడు మెట్నర్‌కు ఉత్తరం రాశారు. శ్రోతల అసహనం ఒక రచననే కురచ చేసిందన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

స్వరలిపి చదవగలిగినవారు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. అచ్చులో ఉన్నదానికీ వినిపించినదానికీ తేడా వస్తే, అది పొరపాటని వెంటనే తేల్చేయకండి. ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుసీ తన ‘మునిగిన కెథడ్రల్’ ప్రెల్యూడ్‌ను (చిన్న పియానో రచనను) పియానో రోల్‌కు, అంటే వాయించినదాన్ని చిల్లులుగా నమోదు చేసే కాగితపు చుట్టకు, ఎక్కించినప్పుడు, కొన్ని భాగాలను అచ్చు ప్రతి సూచించే వేగానికి రెట్టింపు వేగంతో వాయించారు. ఆ తేడాను శ్రద్ధగా పట్టుకున్న వారి వల్లనే ఆ రచనను వాయించే పద్ధతి గురించి కొత్త ఆలోచన మొదలైంది.

కార్యక్రమం ముగిశాక స్వరకర్తను కలిస్తే ఏం చెప్పాలన్నదే అసలు కష్టం. బంజారాహిల్స్‌లో ఒక చిన్న హాలులో, తన రచనలు వాయించిన ఒక యువకుడితో నేను ‘చాలా బాగుందండీ’ అంటే, ఆయన నమస్కారం పెట్టి ఊరుకున్నారు. నా వెనుక ఉన్న పెద్దావిడ మాత్రం, ‘రెండవదానిలో ఎడమచేయి ఆగిపోయినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను నాయనా, కానీ అది మళ్లీ అందుకున్నప్పుడు కాస్త తొందరపడినట్టు వినిపించింది’ అన్నారు. ఆయన వెంటనే కాగితాలు తిరగేసి, ఆ చోట పెన్సిలుతో సున్నా చుట్టి, ‘ఇక్కడేనా అమ్మా?’ అని అడిగారు.

ఆవిడకు స్వరలిపి రాదు. ఏ చోట, ఏం వినిపించింది, అప్పుడు తనకేమైంది అన్న మూడే చెప్పారు. మీరూ ఆ మూడే చెప్పండి. నచ్చని చోటును కూడా అదే వరుసలో చెప్పవచ్చు, కానీ ఎలా మార్చాలో మాత్రం ఆయన అడిగితే తప్ప చెప్పకండి. ఇల్లు చేరేసరికి మరచిపోతామనిపిస్తే, రచనకూ రచనకూ మధ్య విరామంలో కార్యక్రమ పత్రం అంచున ఒక్క మాట రాసి ఉంచుకోండి.