డిసెంబర్ పార్టీలకని పెద్ద పెల్లెట్ గ్రిల్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

పోయిన ఆదివారం రాత్రి మా వెనక అపార్ట్‌మెంట్‌లో జరిగింది రాస్తున్నా, పేర్లు చెప్పను, వాళ్ళు ఇప్పటికే చాలా బెదిరిపోయి ఉన్నారు. నాలుగో ఫ్లోర్, మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన అత్తగారు. కార్తీకం అయిపోయింది, పోలి పాడ్యమి కూడా దాటింది, నెల్లాళ్ళ తర్వాత మొదటి నాన్‌వెజ్ ఆదివారం కదా అని బాల్కనీలో పెల్లెట్ గ్రిల్, అంటే కరెంటు ప్లగ్ పెట్టి కట్టె పొట్టు కడ్డీలు కాల్చి వండే పొయ్యి, పెట్టి చికెన్ లెగ్స్, రొయ్యలు కాల్చుకున్నారు. తొమ్మిదింటికి వాన అందుకుంది. గ్రిల్‌కి చక్రాలున్నాయి, స్విచ్ ఆపేసి మూతేసి హాల్లోకి తోసేశారు, జల్లు కొడుతోందని స్లైడింగ్ డోర్ వేసేశారు, ఏసీ పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. పదకొండు దాటాక చిన్నదానికి తలనొప్పి, కాసేపటికి ముసలావిడకి వాంతులు. రొయ్యలు పడలేదేమో అనుకుని నిమ్మరసం ఇచ్చారట. ఇంకో అరగంట ఆగితే ఏమయ్యేదో గానీ ఎదురు ఫ్లాట్ ఆయన మాత్ర ఇవ్వడానికొచ్చి హాల్లో గ్రిల్ చూసి "ఇదేటండీ లోపలెట్టేరు" అని అరిచి తలుపులన్నీ తీసి అందర్నీ కిందకి దించాడు. 108 వచ్చింది, ఆసుపత్రిలో రాత్రంతా ఆక్సిజన్ పెట్టారు. అందరూ బాగానే ఉన్నారు.

అదేంటంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దానికి రంగుండదు, వాసనుండదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కన్నా సుమారు రెండొందల రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. స్విచ్ ఆపినా లోపల మిగిలిన నిప్పు సగం గాలితో మగ్గుతూనే ఉంటుంది, మూతేసి మగ్గబెడితే ఆ విషం ఇంకా ఎక్కువ పుడుతుంది.

తర్వాత రోజు ఆ గ్రిల్ కొన్న ఇంటాయన్ని కలిస్తే నేనడిగింది ఒకటే, అంత పెద్దది ఎందుకు కొన్నారండీ అని. "థర్టీ ఫస్ట్‌కి ఫ్రెండ్స్ ఇరవై మంది వస్తారు కదండీ, చిన్నది చాలదు" అన్నాడు.

ఇదిగో ఇదీ నేను చెప్పాలనుకున్న తప్పు. గెస్టుల లెక్కన గ్రిల్ కొనడం. నాకు తెలిసి నలుగురు ఇలాగే కొన్నారు, నలుగురిదీ ఒకటే కథ. పెద్దది కొంటారు, అది యాభై కిలోల పైన ఉంటుంది, మొదటిసారి సరదాగా నలుగురు పట్టుకుని టెర్రస్ ఎక్కిస్తారు, లిఫ్ట్ ఆఖరి ఫ్లోర్ దాకానే ఉంటుంది కాబట్టి చివరి మెట్లు మోయాల్సిందే. రెండోసారికి ఎవరూ రారు. ఇంక అది బాల్కనీలో సెటిలైపోతుంది. బాల్కనీలో ఉన్నది వాన రాగానే హాల్లోకొస్తుంది, చక్రాలున్నాయి కదా, వేలితో తోస్తే చాలు. అదే చిన్నదైతే టెర్రస్ మీదకి ఇద్దరు ఎత్తుకెళ్ళేవాళ్ళు, అసలు ఈ గొడవే ఉండేది కాదు.

దీంట్లో ఇంకో మోసం ఉంది, ఇది కరెంటు ప్లగ్ పెట్టి నడిపేది కాబట్టి మనవాళ్ళు ఓవెన్ లాంటిదే అనుకుంటారు. డిస్‌ప్లే ఉంటుంది, డిగ్రీలు సెట్ చేస్తాం, పొగ కూడా పెద్దగా రాదు. కానీ లోపల మండేది కట్టె. రంపపు పొట్టుని నొక్కి చేసిన, 6 మిల్లీమీటర్ల లావుండే చిన్న కడ్డీలు, పెల్లెట్లంటే అవే. పక్కనున్న డబ్బాలోంచి, అదే హాపర్‌లోంచి, ఒక స్క్రూ వాటిని కొంచెం కొంచెంగా చిన్న నిప్పు గిన్నెలోకి తోస్తుంది, ఒక రాడ్డు కాలి అంటిస్తుంది, ఫ్యాను గాలి ఊదుతుంది. అంటే కరెంటు చేసే పని విసనకర్ర పని, మంట మాత్రం పొయ్యి మంటే. బొగ్గుల కుంపటి హాల్లో పెట్టుకుని తలుపులేసుకుంటారా? ఇదీ అంతే. అయినా ఇది 1980ల్లో అమెరికాలో ఒరెగాన్‌లో జో ట్రేగర్ అనే ఆయన తయారుచేసి 1986లో పేటెంట్ తీసుకున్న వస్తువు, ఇంటి వెనకాల ఇంత పెరడు ఉండేవాళ్ళ కోసం పుట్టింది, మన విశాఖ మధురవాడ టూ బీహెచ్‌కే కోసం కాదు.

సరే, సైజు సంగతికొద్దాం.

గ్రిల్ సైజుని చదరపు అంగుళాల్లో చెప్తారు, చాలా మోడల్స్ పేరులో ఉండే అంకె అదే. ఇది మనకి బుర్రకెక్కదు, అందుకని నేను దోశ పెనం లెక్కలోకి మార్చుకున్నా. 12 అంగుళాల పెనం అంటే దగ్గర దగ్గర 113 చదరపు అంగుళాలు. 300 గ్రిల్ అంటే రెండున్నర పెనాలు, లేదా రెండడుగుల పొడవు అడుగు వెడల్పు జాగా. 575 అంటే ఐదు పెనాలు. మీ ఇంట్లో ఎప్పుడైనా ఒకేసారి ఐదు పెనాల మీద దోశలు పోశారా?

ఇప్పుడు నలుగురున్న ఇంటికి లెక్క వేద్దాం. ఒక చికెన్ లెగ్‌కి చుట్టూ గాలి ఆడే ఖాళీతో కలిపి 15 చదరపు అంగుళాలు వేసుకోండి, ఎనిమిది పీసులకి 120. హార్బర్ నుంచి తెచ్చిన కోనాం చేప ముక్కలు ఆరు, అవి ఇంకో 90. మొక్కజొన్న పొత్తులు నాలుగు, 65 దాకా. మొత్తం 275. అంటే నలుగురు కడుపునిండా తినే తిండి 300లో ఒకే వాయిలో అయిపోయింది. ఇద్దరే ఉంటే 200 చాలు, మొత్తం కోడిని చీల్చి పరిచినా పెనం కన్నా కాస్త ఎక్కువ జాగా పడుతుంది అంతే. 31వ తారీఖు ఇరవై మంది వస్తే ఐదు వాయిలు తీయండి, ఇంట్లో పకోడీలు వేస్తే ఎన్ని వాయిలు తీస్తాం?

ఒక మెలిక, బాక్సు మీద రాసే అంకెలో పైన ఉండే చిన్న అరని కూడా కలిపేస్తారు. కింద మెయిన్ జాలీ ఎంతో విడిగా అడగండి. మూత ఎత్తు కూడా చూడండి, మరీ పల్చగా ఉంటే నిండు కోడి పట్టదు.

ఇంకో లెక్క కూడా ఉంది, ఇది విశాఖ వాళ్ళకే అర్థమవుతుంది. కార్తీకం అంతా నాన్‌వెజ్ లేదు. మార్గశిరం లక్ష్మివారాలు కనకమహాలక్ష్మి అమ్మవారి రోజులు, చాలా ఇళ్ళల్లో లేదు. శనివారం వెంకన్నది, లేదు. సోమవారం కొందరికి లేదు. మిగిలేది ఆదివారం, అందులో ఎండాకాలం ఉక్కపోతలో ఎవడూ నిప్పు దగ్గర నిలబడడు. సంవత్సరానికి ఇరవై సార్లు వెలిగిస్తే గొప్ప. ఆ ఇరవైలో పద్దెనిమిది సార్లు తినేది మీ నలుగురే. ఆ నలుగురి కోసం కొనండి. గెస్టుల లెక్కన కొనకండి.

పెద్దదానికి పెల్లెట్లు కూడా ఎక్కువే పోతాయి. సన్నగా నడిపితే గంటకి అరకిలో, ఫుల్లుగా పెడితే కిలో పైన తింటాయి ఇవి, మూడు పెనాలు ఖాళీగా పడున్నా వాటినీ వేడి చేయాల్సిందే కదా. పైగా పెద్ద హాపర్‌లో ఎనిమిది కిలోల దాకా పడతాయి, అందులో సగం అలాగే మిగిలిపోతాయి. మన సముద్రపు గాలికి ఆ మిగిలినవి నాలుగు రోజుల్లో చెమ్మ పట్టి ఉబ్బి మళ్ళీ పొట్టైపోతాయి, స్క్రూలో ఇరుక్కుని సిమెంటులా గట్టిపడతాయి. మా బావమరిదిది అలాగే పోయింది, స్క్రూడ్రైవర్‌తో పొడిచి పొడిచి తీశాం ఒక పూటంతా.

బావమరిది అంటే గుర్తొచ్చింది, అమెరికా నుంచి చుట్టాలు తెచ్చినవి, షిప్పింగ్‌లో వచ్చిన సెకండ్ హ్యాండ్‌వి. అవి 120 వోల్టులవి, మన గోడలో వచ్చేది 230. డైరెక్ట్‌గా పెడితే గ్రిల్ లోపలి కంట్రోల్ బోర్డు క్షణంలో కాలిపోతుంది, లేదా ఇగ్నైటర్ రాడ్డు ఎర్రగా కాలి పేలుతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, అంటించేటప్పుడు ఆ రాడ్డే మూడొందల వాట్లు లాగుతుంది కాబట్టి 500 వాట్లకి తక్కువది పెట్టకండి. ఇంకా చెప్పాలంటే అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50, ఏసీ మోటారున్న వాటిలో స్క్రూ నెమ్మదిగా తిరుగుతుంది, వేడి సరిగా ఎక్కదు. ఫ్రీగా వచ్చింది కదా అని 800 సైజుది ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్ళు కూడా గెస్టుల లెక్కన కొన్నవాళ్ళ కిందే లెక్క.

ఎక్కడ పెట్టాలి అంటే, ఆకాశం కనబడే చోట. టెర్రస్, లేదా సొంతిల్లైతే వాకిలి. మూడు పక్కల గోడ, పైన శ్లాబ్ ఉన్న బాల్కనీ పనికిరాదు, ఇనుప ఊచలు బిగించి దోమల మెష్ కొట్టిన బాల్కనీ అసలు పనికిరాదు. అందుకే కొనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఎంతమంది తింటారు అని కాదు, దీన్ని నేనూ మా ఆవిడా కలిసి టెర్రస్ దాకా మోయగలమా అని. పాతిక ముప్పై కిలోల లోపుంటే మోయగలరు. అసోసియేషన్ వాళ్ళని ముందే అడగండి, టెర్రస్ తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కోండి.

ఇంకా రాయాల్సినవి చాలా ఉన్నాయి, వరసగా రాసేస్తున్నా, సర్దే ఓపిక లేదు.

వాన వస్తే గ్రిల్ తడవనివ్వండి. ప్లగ్ తీసేయండి, మూతేసి వదిలేసి మీరు లోపలికి రండి. గ్రిల్ పాడైతే పాడవుతుంది.

లోపలికి లాగకండి. ఐదు నిమిషాలకి కూడా. తలుపులు తీసి ఉన్నా కూడా.

చుట్టూ మూడడుగులు ఖాళీ. బట్టలారేసే తాడు, కేబుల్ వైర్లు, ప్లాస్టిక్ వాటర్ ట్యాంకు, అటకెక్కించని పాత పరుపులు, ఏవీ దగ్గర్లో ఉండకూడదు.

స్పేర్ గ్యాస్ సిలిండర్ ఉన్న యుటిలిటీలో గ్రిల్ పెట్టినవాళ్ళని నేను కళ్ళారా చూశా. వద్దు. ఖాళీ సిలిండర్ అయినా వద్దు.

అంటించేటప్పుడు మూత ఎలా ఉంచాలో మీ మోడల్ బుక్కులో చూసి అలాగే చేయండి. మధ్యలో మంట ఆరిపోతే వెంటనే మళ్ళీ ఆన్ చేయొద్దు, అప్పటికే గిన్నెలో పెల్లెట్లు గుట్టపడి ఉంటాయి, అన్నీ ఒక్కసారి అంటుకుంటే మూత ఎగురుతుంది. ఆపండి, చల్లారనివ్వండి, గిన్నె ఖాళీ చేయండి, అప్పుడు వెలిగించండి.

వానో మంటో వచ్చి ప్లగ్ పీకాల్సొస్తే తప్ప స్విచ్ టక్కున ఆపేయకండి, షట్‌డౌన్ బటన్ నొక్కి ఫ్యాను దానంతటది ఆగేదాకా ఉండండి. అలా కాకుండా ఆపితే నిప్పు స్క్రూలోంచి వెనక్కి పాకి హాపర్‌కి అంటుకోవచ్చు. కరెంటు పోయినా ఇదే ప్రమాదం, కాబట్టి మబ్బు పట్టి గాలి లేచిన రోజు, కరెంటు పోయి వస్తున్న రోజు వెలిగించకండి. అల్పపీడనం అని వార్తల్లో వస్తే ఆ వారం ప్రోగ్రామ్ క్యాన్సిల్.

తుఫాను హెచ్చరిక ఉంటే టెర్రస్ మీద ఉంచకండి, చల్లారినదాన్ని కిందకి దించేయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి మా మేడ మీద రేకులు పక్క వీధిలో దొరికాయి.

నూనె కారే ట్రే ప్రతిసారీ కడగండి. కొవ్వు అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, పోయొద్దు, మూతేసి ప్లగ్ పీకండి, పక్కన బకెట్ ఇసుక పెట్టుకోండి, పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంటే ఇంకా మంచిది. అదుపు తప్పితే 101.

ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద నీళ్ళల్లో పడేయకండి. మూడు పిన్నుల ప్లగ్గే, ఎర్త్ ఉన్న పాయింటే.

బాయిలర్లకి వాడే వేరుశనగ పొట్టు పెల్లెట్లు చవగ్గా దొరుకుతాయి, వాటితో వంట చేయకండి, వాటిలో ఏం కలిపారో ఎవరికీ తెలీదు. తినేవాటికని రాసి ఉన్నవే కొనండి, మూత గట్టిగా పట్టే డ్రమ్ములో దాచండి. వంటయ్యాక హాపర్ ఖాళీ.

మందు తాగుతూ గ్రిల్ దగ్గర నిలబడే మనిషి వేరు, గ్రిల్ చూసుకునే మనిషి వేరు. ఇద్దరూ ఒకరే కాకూడదు.

చికెన్ లోపల 74 డిగ్రీలు రావాలి, పైన నల్లబడితే ఉడికినట్టు కాదు. వంద రూపాయల పిల్లల థర్మామీటర్ గుచ్చకండి, దీనికి వేరేది ఉంటుంది.

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, మత్తు, వాంతులు వస్తే తిండి మీదకి నెట్టకండి. ముందు బయటికి నడవండి, తర్వాత 108కి చేయండి, గ్రిల్ వెలిగించామని డాక్టర్‌కి చెప్పండి.

షాపువాడు "సార్ ఇంకో ఎనిమిది వేలేస్తే దీనికి రెట్టింపు సైజు" అంటాడు. అంటాడు, వాడి పని అది. ఆ రెట్టింపు ఎవరికోసమో మీరు ఆలోచించుకోండి. మళ్ళీ చెప్తున్నా, గెస్టుల లెక్కన కొనకండి.

బూడిద ఆ రాత్రే కవర్లో పోసి చెత్తబుట్టలో వేయకండి, పైన చల్లగా కనిపించినా లోపల నిప్పు ఉంటుంది. రేకు డబ్బాలో పోసి మూతపెట్టి ఒక రోజంతా టెర్రస్ మీదే ఉంచండి, తెల్లారి వచ్చే చెత్త బండికి కాదు, ఆ మరుసటి రోజు పొద్దున్న వచ్చే బండికి ఇవ్వండి.