గ్రాంటు దరఖాస్తు ఆగిపోయిందా? ముందు పేటెంట్ ఫారం 1 తీసి చూడండి

సమస్య: విజయవాడ, గుంటూరు ప్రాంతాల చిన్న సంస్థలు కళాశాలల్లో జరిగిన పరిశోధనను మార్కెట్లోకి తేవడానికి ప్రభుత్వ గ్రాంటు కోరుతాయి. దరఖాస్తు తొలి పరిశీలన దాటుతుంది, నిపుణుల ముందు ప్రజెంటేషన్ కూడా బాగానే జరుగుతుంది, తీరా ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి ఫైలు ఆగిపోతుంది. వెంటనే ప్రాజెక్టు రిపోర్టు తిరగరాయిస్తారు, కన్సల్టెంటును మారుస్తారు, బడ్జెట్ తగ్గిస్తారు. ఆ సాంకేతికత ఎవరి పేరిట ఉందో మాత్రం ఎవరూ చూడరు.

తొలి పరిశీలనలోనే తిరస్కరణ వస్తే కారణం సాధారణంగా అర్హతలోనే ఉంటుంది. ఉదాహరణకు స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకానికి 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు సంస్థకు డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ) గుర్తింపు ఉండాలనీ, దరఖాస్తు నాటికి నమోదై రెండేళ్లు దాటకూడదనీ, ఇతర ప్రభుత్వ పథకాల నుంచి రూ.10 లక్షలకు మించి ఆర్థిక సాయం పొంది ఉండకూడదనీ చెప్పాయి. దరఖాస్తు చేసే పథకం మార్గదర్శకాలను ఒకసారి పూర్తిగా చదివితే ఈ చిక్కు రాదు.

అసలు కారణం: హక్కు. మిర్చి ఆరబెట్టే యంత్రాన్ని ఒక అధ్యాపకుడు తన కళాశాల ప్రయోగశాలలో రూపొందించారనీ, ఆటోనగర్‌లోని ఒక వర్క్‌షాపు దాన్ని తయారు చేయడానికి ముందుకొచ్చిందనీ, ఇద్దరూ కలిసి కంపెనీ పెట్టారనీ అనుకుందాం. పేటెంట్ దరఖాస్తు ఫారం 1లో ఆవిష్కర్త గడిలో అధ్యాపకుడి పేరు ఉంటుంది, దరఖాస్తుదారు గడిలో కళాశాల పేరు ఉంటుంది. తన పేరు కనిపించింది కాబట్టి హక్కు కూడా తనదేనని ఆయన నమ్ముతారు. కానీ గ్రాంటు ఇచ్చేవారు చూసేది దరఖాస్తుదారు గడిని, అక్కడ కంపెనీ పేరు లేదు.

ఇందులో మోసపోయేది ఎక్కువగా ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) వల్ల. విభాగాధిపతి సంతకంతో ఒక లేఖ తెచ్చి జతచేసి, పని పూర్తయిందనుకుంటారు. ఆ లేఖను నిదానంగా చదివితే, అధ్యాపకుడు కంపెనీలో డైరెక్టరుగా ఉండడానికి అభ్యంతరం లేదని మాత్రమే అందులో ఉంటుంది. సాంకేతికతను వాడుకోవడానికి, తయారు చేయడానికి, అమ్మడానికి కంపెనీకి అనుమతి ఇస్తున్నట్టు ఒక్క వాక్యమూ ఉండదు. పరిశోధనకు కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టు నిధులు కూడా వాడి ఉంటే, ఆ మంజూరు ఉత్తర్వులోని మేధోహక్కుల షరతులూ వర్తిస్తాయి.

పరిష్కారం: సంస్థలోని మేధోహక్కుల విభాగం ద్వారా లైసెన్సు ఒప్పందం చేసుకోవాలి. సంస్థ విధానం ప్రకారం అధికారం ఉన్నవారే, చాలాచోట్ల రిజిస్ట్రారే, సంతకం చేయాలి. లైసెన్సు ప్రత్యేకమా (ఈ ఒక్క కంపెనీకేనా) కాదా, ఏ వినియోగానికి, ఎంతకాలానికి, రాయల్టీ ఎంత అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. పేటెంట్‌నే బదిలీ చేయించుకున్నా, లైసెన్సు తీసుకున్నా అది రాతపూర్వకంగా ఉండాలని పేటెంట్ల చట్టం 68వ సెక్షన్ చెబుతోంది, ఫారం 16తో నమోదు కూడా చేయించాలి. వీటికి నెలలు పట్టవచ్చు కాబట్టి దరఖాస్తు రాయడానికి ముందే మొదలుపెట్టాలి. కంపెనీలో తర్వాత చేసిన మెరుగుదలలకు కంపెనీ పేరిటే విడిగా పేటెంట్ దరఖాస్తు వేయాలి. చిన్న సంస్థగా ఫారం 28 జతచేస్తే ఆన్‌లైన్ దాఖలు ఫీజు రూ.8,000 బదులు రూ.1,600 అవుతుంది. ఈ ఫీజుకు వెనకాడి హక్కును గాలికి వదిలేయడం చూస్తే నిజంగా బాధ కలుగుతుంది.

పేటెంట్ దాఖలుకు ముందే పరిశోధన పత్రం ప్రచురించడం వల్ల ఆగిన దరఖాస్తులు ఉన్నాయి గానీ తక్కువ. అలాంటప్పుడు పేటెంట్ న్యాయవాదిని కలవాలి. రెండో విడత నిధులు రాకపోతే వినియోగ ధ్రువపత్రాన్నీ (మొదటి విడత ఖర్చు లెక్క చూపే పత్రం), గ్రాంటుకు విడిగా బ్యాంకు ఖాతా తెరిచారా లేదా అన్నదాన్నీ చూసుకోవాలి.